కొస గొట్టాలు

శనివారం గడ్డి కోసిన డ్వేన్, మిషనుకు అడ్డమని ఇంటి నాలుగు మూలలా ఉన్న కొస గొట్టాలు పీకి గ్యారేజీ పక్కన పారేశాడు. తిరిగి పెట్టలేదు. ఈ ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి పెట్టి ఉంటే అతని భార్య మార్లిస్ ఆ రోజు పండగ చేసుకునేది.

ఇంటికప్పు మీద పడ్డ వానంతా గొట్టాల్లోంచి గోడ పక్కకి దిగుతుంది. వాటి చివర ఈ ఆరడుగుల ముక్కలు తగిలిస్తే నీళ్ళు దూరంగా వాలులోకి పోతాయి. తగిలించకపోతే పునాది పక్కనే ఇంకి ఇంటి కిందున్న బేస్‌మెంట్‌లోకొస్తాయి. ఈపాటి తెలుసుకోడానికి ఇంజనీరు కానక్కర్లేదు. డ్వేన్ రోడ్ల ఇంజనీరు.

అందుకే మబ్బు పట్టినప్పుడల్లా మార్లిస్ పొయ్యి మీది సూపు దించి, అతని రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని నాలుగూ తగిలించి వచ్చేది. ఒక ఏడాది వాలు తగ్గిందని పన్నెండు తోపుడుబళ్ళ మట్టి మోసి గోడవారంతా ఎత్తు చేసింది. పూలమొక్కల కోసం కాబోలనుకున్న అత్తగారు ఆర్డిస్, "తీరికున్నవాళ్ళకే తల్లీ ఈ సరదాలు" అంది. మార్లిస్ వారానికి అయిదు రోజులు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఇక డ్వేన్ చేసిన ఘనకార్యమల్లా బేస్‌మెంట్ మూల గోతిలో పంపు పెట్టించడం. వచ్చినవాళ్ళందరికీ దాన్ని పురిటిబిడ్డను చూపించినట్టు చూపిస్తాడు. అది బయటికి తోడిన నీళ్ళు గోడకి రెండడుగుల్లో పడి మళ్ళీ అదే గోతిలోకి వచ్చేవి. పంపు ఆగకుండా మొత్తుకుంటుంటే, ఎంత కష్టపడుతోందో చూడమని మురిసిపోయేవాడు. ఇంట్లో కష్టపడేదాన్ని అతను గుర్తించింది అదొక్కసారే. చివరికి మార్లిస్ దాని మూతికి తోట గొట్టం కట్టి రోడ్డుపక్క కాలువ దాకా లాగింది. పంపు చప్పుడు తగ్గింది. మంచి సరుకు ఏరి తెచ్చానని అతను వాడంతా చెప్పుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. అయినా మార్లిస్ సర్దుకుపోయింది. పాపం, అతని కంట పడలేదు, పడితే ఊరుకుంటాడా, తెలియని మనిషి మీద కోపమేమిటని తనకి తానే చెప్పుకునేది. అలా చెప్పుకోవడం కూడా ఆమె ఇంటిపనుల్లో ఒకటి.

ఆదివారం టీవీలో ఫుట్‌బాల్ చూడ్డానికి అతని స్నేహితులు బేస్‌మెంట్‌లో చేరారు. మార్లిస్ చీజ్ ముక్కల పళ్ళెం పట్టుకుని మెట్లు దిగుతోంది. పడమట నల్లగా కమ్ముకుందని, ఇవాళ తన బేస్‌మెంట్ మునిగినట్టేనని పక్కింటి లైల్ వాపోతున్నాడు.

"మా ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా చుక్క దిగలేదు. ఇల్లు ఎంచుకోవడం తెలియాలోయ్" అన్నాడు డ్వేన్.

మీ ఆవిడ వానలో ఇంటిచుట్టూ తిరుగుతూ కనబడుతుంది కదా అన్నాడు లైల్.

"దానికదో పిచ్చి. చినుకు పడితే చాలు, బాతులా బయటికి పరిగెడుతుంది."

అందరూ నవ్వారు. మార్లిస్ పళ్ళెం అక్కడ పెట్టి పైకొచ్చింది. కాఫీ పోసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. వాన అందుకుంది. కాళ్ళు అలవాటుగా తలుపువైపు లాగాయి. కాఫీ కప్పు చుట్టూ వేళ్ళు బిగించి కూర్చుంది. రెండో కప్పు కూడా తాగింది. అప్పుడు కింద పంపు మొత్తుకోలు, కుర్చీలు లాగిన చప్పుడు, బూతులు వినిపించాయి. డ్వేన్ తడి మేజోళ్ళతో పైకొచ్చాడు, వెనకే లైల్.

"ఆ గొట్టాలెందుకు పెట్టలేదు నువ్వు?"

మార్లిస్ అతని ముఖంలోకి చూసింది. పెట్టేది ఎవరో అతను వెతుక్కోలేదు. క్షణమైనా తడుముకోలేదు. ఆమె బురదలో మోకాళ్ళ మీద ఉన్న ప్రతిసారీ అతను ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆమె క్షమిస్తూ వచ్చిన ఆ తెలియని మనిషి ఈ ఇంట్లో ఎప్పుడూ లేడు.

"గ్యారేజీ పక్కనున్నాయి" అని, కారు తాళాలు తీసుకుంది. "నేను మా చెల్లెలింట్లో ఉంటాను. పిలవడానికి రావద్దు."