మూడో డబ్బాలో నాలుక

మా ఆఫీసుకి టూల్స్ స్టీలు డబ్బాల్లో వస్తాయి. ఒక్కో డబ్బాలో ఒక్కో నాలుక ఉంటుంది. ఈ డబ్బాల్ని కంటైనర్లంటారు. ప్రోగ్రాముని నడపకుండానే, దాని కోడ్‌ని వరసవరసా నాకి తప్పెక్కడుందో చెప్పడం నాలుక పని. అది సరిగ్గా చెబుతోందో లేదో పరీక్షించడం నా పని. పదకొండేళ్లుగా ఇదే చేస్తున్నాను, ఇప్పటికీ ముక్కు మూసుకునే మూత తీస్తాను.

ఇవాళ నా బల్లమీద మూడు డబ్బాలున్నాయి. మొదటి నాలుకకి ప్రతి వరసా తప్పే, ఖాళీ వరసతో సహా. అన్నిటిమీదా ఉమ్ముతుంది. ఛీ! ఆ ఉమ్మిని గుడ్డతో తుడిచి బకెట్లో పిండుకునేది నేనే. రెండోది ఒక్క తప్పు పట్టి మూడు పేజీల ఉపన్యాసం దంచుతుంది. మూడోది మూడు నెలలుగా ఒక్క తప్పూ చెప్పలేదు. రిపోర్టు ఎప్పుడు చూసినా పచ్చగానే ఉంటుంది. అందుకే మా మేనేజరు పినాకపాణి గారికి అదంటే ప్రాణం.

డ్రిప్ మెషీన్ ప్రోగ్రాముని నేను పాస్ చేసింది ఆ మూడో డబ్బాతోనే. ఆసుపత్రుల్లో రోగి చేతికి మందుని చుక్కచుక్కగా ఎక్కించే మెషీన్ అది.

నా పక్క సీటు హైమావతక్కది. ఆమె తమ్ముడు గిరికి నిన్నటినుంచి ఆ మెషీన్‌తోనే మందు ఎక్కుతోంది. ఆసుపత్రి ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. అయినా ఆ చుక్కలు మా సీలింగులోంచి ఆమె కీబోర్డు మీద పడుతున్నాయి. ఆమె వాటిని లెక్కపెట్టుకుంటూ పని చేసుకుంటోంది. నాలుగు వందలు దాటింది.

"నువ్వు చూసినవ్ గదా నరహరీ. ఇగ నాకేం భయం?" అంటుంది.

"చూశానక్కా," అంటాను.

కడుగుదామని మూడో డబ్బా మూత తీస్తాను. అడుగు అద్దంలా మెరుస్తోంది. కోడ్‌ని లోపలికి పంపడానికి డబ్బా పక్కన ఒక కన్నం ఉంటుంది. దానిమీద కంపెనీవాళ్లు అంటించిన కాగితం అలాగే ఉంది. ఒక మూలన నాలుక, ఎండిన మామిడి తాండ్రలా ముడుచుకుని పడుంది.

"మూడు నెలలుగా ఏం నాకావు?"

"డబ్బా అడుగునే."

"మరి తప్పుల్లేవని ఎందుకు చెప్పావు?"

"ఏమీ లేనిచోట తప్పేముంటుంది? నువ్వడిగినదానికే చెప్పాను."

దాని మాటలో లోపం లేదు. కన్నం తెరవడం మరిచిపోయింది నేనే. మా పనిలో ఒక ఆచారం ఉంది. కొత్త టూల్ వస్తే ముందు తెలిసిన తప్పొకటి మనమే కలిపి పెట్టి, పట్టుకుంటుందో లేదో చూడాలి. పచ్చరంగు చూడగానే నాకు బద్ధకం వేసింది. థూ, నా బతుకు.

కాగితం చింపి, డ్రిప్ మెషీన్ కోడ్‌ని కన్నంలోకి తోస్తాను. అది తడితడిగా, చేప పేగులా జారుతుంది. నాలుక ఆవురావురుమంటూ నాకుతుంది. ఉబ్బుతుంది. నా మణికట్టు మీద ఉమ్ముతుంది.

"నాలుగు వందల పన్నెండో వరస. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే, అంతవరకూ ఎక్కించింది మెషీన్ మరిచిపోతుంది. మొత్తం మందు మొదట్నుంచీ ఎక్కిస్తుంది."

పక్కనుంచి హైమావతక్క ఫోన్ పెట్టేసి నావైపు తిరుగుతుంది. "బెడ్డు మార్చనీకి మెషీన్ ఆపిన్రంట. మళ్ల షురు చేసిన్రు," అని, చుక్కలవైపు చూస్తూ లెక్క అందుకుంటుంది. "ఒకటి... రెండు..."

డబ్బా చంకన పెట్టుకుని పినాకపాణి గారి గదికి పరుగెత్తుతాను.

"రిపోర్టు పచ్చగా ఉందా లేదా?" అంటారాయన.

"పచ్చగానే ఉంది సార్. డబ్బాయే ఖాళీగా ఉంది."

"ఖాళీ డబ్బాలో తప్పుల్లేవని తేలిందిగా! ఎందుకయ్యా కెలుకుతావ్? మూత పెట్టు."

మూత పెట్టను. తిరిగి వస్తుంటే హైమావతక్క సీటు దూరం జరుగుతూ పోతుంది. పది అడుగుల దారి కల్యాణమంటపమంత పొడుగవుతుంది. "పద్దెనిమిది... పంతొమ్మిది..." ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. పినాకపాణి గారు నా వెనకే, చెప్పుల చప్పుడు కాకుండా వస్తున్నారు.

ఆమె ముందు నిలబడి నోరు తెరుస్తాను. నా నాలుక మడతపడుతుంది. "చూశానక్కా" అన్నది ఇదేగా, ఇప్పుడు దానికి భయం. అది నోట్లోంచి జారి, తపుక్కుమని డబ్బాలో పడి, మూలకి పాకి దాక్కుంటుంది. నా ఒంట్లోని వస్తువే అయినా దాన్ని చూస్తే నాకు పరమ అసహ్యం.

డబ్బాలోని పాత నాలుక ఆ చోటు ఖాళీ అవడం గమనిస్తుంది. నా చొక్కా మీదుగా, గడ్డం మీదుగా పాకి నోట్లోకి ఎక్కుతుంది. జిగురు, స్టీలు రుచి. వాంతి గొంతుదాకా వస్తుంది. పళ్లు బిగించి మింగేస్తాను.

"అక్కా, నేను చూడలేదు," అంటుందది. "మెషీన్ ఆపించు. ఇప్పుడే."

హైమావతక్క నన్నొక్క చూపు చూసి ఫోన్ అందుకుంటుంది. "సిస్టరమ్మా, గా మెషీన్ బంద్ చెయ్యున్రి! ముందు బంద్ చేసి, తర్వాత అడుగున్రి!"

ముప్పై ఒకటో చుక్క సీలింగుకీ కీబోర్డుకీ మధ్య ఆగిపోతుంది. ఫోనులోంచి నర్సు గొంతు వినిపిస్తుంది. "ఆపేశామండీ. మీ తమ్ముడు కళ్లు తెరిచే ఉన్నాడు."

హైమావతక్క ఫోన్ పెట్టేయదు. ఆ చుక్కని చూస్తూనే అంటుంది. "నిన్ను నమ్మిన గదరా."

నోట్లోని నాలుక ఆ మాటని నాకి చూస్తుంది, అందులో తప్పు దొరకదు.

పినాకపాణి గారు నా చేతిలోంచి డబ్బా తీసుకుని మూత బిగిస్తారు. కన్నం మీద పచ్చ కాగితం అంటించి, డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని లోపలున్న నా నాలుక చెప్పేది వింటారు. ముఖం వెలిగిపోతుంది.

"ఇదీ టూల్ అంటే! కంపెనీవాళ్లని ఇలాంటివి వంద పంపమను."

లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. వంద స్టీలు డబ్బాలు ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ వచ్చి, ఆగిన చుక్క చుట్టూ కూర్చుంటాయి. అన్నిటి కన్నాలమీదా కాగితాలు అంటించే ఉన్నాయి. లోపల్నుంచి వందా ఒక్కసారే, నా గొంతుతో, హైమావతక్కకి చెబుతున్నాయి.

"చూశానక్కా."