చిన్న ఫ్రిజ్ పుస్తకం

గిన్నె పొయ్యి మీద పెట్టిన రెండు నిమిషాలకే పాలు విరిగాయి. ఆ వారంలో అది మూడోసారి. ఆవిడ పొయ్యి కట్టేసి, విరిగిన పాలు సింకులో వంపి, గిన్నె తొలిచి బోర్లించింది. ఎవరూ ఏమీ అనలేదు. అనే మనిషి పోయి అయిదేళ్ళయింది. అయినా పాలు విరిగినప్పుడల్లా వెనకనుంచి ఒక మాట వచ్చి తగులుతుందని ఆవిడ వీపు ఇంకా కాచుకునే ఉంటుంది.

ఇంట్లో వెనకగది ఆవిడది. ఒక మంచం, కిటికీ కింద ఒంటిపొయ్యి, గోడవారన నడుమెత్తు చిన్న ఫ్రిజ్. ముందు గదుల్లో కొడుకూ కోడలూ ఉంటారు. వాళ్ళు ఏడింటికి గాని లేవరు. ఆవిడకు అయిదింటికే మెలకువ వస్తుంది. లేచి, తన పాలు తాను కాచుకుని, కిటికీ దగ్గర కూచుని కాఫీ తాగుతుంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి మామగారి తర్వాత, అత్తగారి తర్వాత, ఆయన తర్వాత, పిల్లవాడి తర్వాత అడుగున మిగిలింది తాగిన మనిషి. మొదటి గ్లాసు తనది కావడమన్నది ఈ అయిదేళ్ళ ముచ్చటే.

ఫ్రిజ్ సరిగ్గా పనిచేయడం లేదని కొడుక్కి చెప్పకుండా ఉండాల్సింది. కొడుకు మంచివాడే. వెంటనే వచ్చి, తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి చూసి, దీని పని అయిపోయిందని తేల్చేశాడు. ఆదివారం పాత సామాన్ల బండి వస్తుంది, ఇచ్చేద్దామన్నాడు. ఆవిడ పాలు వంటింట్లో పెద్ద ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చునన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే వంటిల్లు వాళ్ళ పడగ్గదిని ఆనుకుని ఉంటుంది. అయిదింటికి ఆ తలుపు కిర్రుమంటే ఇద్దరికీ నిద్ర చెడుతుంది. కాబట్టి ఏడు దాకా ఆగాలి. ఆగి, అడిగి తాగాలి. అలా తాగే కాఫీ ఎలా ఉంటుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుందిగా," అంది.

"నాలుగు రోజుల్లో అదేమన్నా దానంతటది బాగుపడుతుందా అమ్మా? నువ్వు మాత్రం దాన్ని కదపకు. కరెంటు వస్తువు. నీకు తెలీదు."

ఆ ఆఖరి మాట ఆవిడకు కొత్తది కాదు. గొంతు ఒక్కటే కొత్త.

ఆ ఫ్రిజ్ ఇంటికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన ఒక ఆఫీసులో రికార్డులు చూసే గుమాస్తా. కాగితం అన్నది ఇంట్లో ఆయన సొత్తు. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకాన్ని ఆ రోజే బీరువా సొరుగులో పెట్టేశాడు. "అంతా ఇందులో ఉంది. నేను చదివాను. నువ్వు నేను చెప్పినట్టు చెయ్యి, చాలు," అన్నాడు.

చెప్పినట్టే చేసింది. గది మధ్యకు పొడుచుకొస్తోందని ఆయన ఫ్రిజ్‌ను గోడకు ఆనించేశాడు. దుమ్ము పడకుండా మీద ఒక గుడ్డ కప్పమన్నాడు, కప్పింది. లోపల ఒకటి నుంచి ఏడు దాకా అంకెలున్న బుడిపె ఒకటి ఉండేది. అంకె తగ్గితే చలి పెరుగుతుందని ఆయన నమ్మకం. ఎండాకాలం రాగానే ఒకటికో రెండుకో తిప్పేవాడు, పాలు విరిగేవి. చలికాలంలో ఏడుకు తిప్పేవాడు, పై అర మంచుతో పూడిపోయేది. రెండు కాలాల్లోనూ తప్పు ఒక్కరిదే. "ఏమేవ్, తలుపు బార్లా తీసి అంతసేపు ఏం చూస్తావు, అదేమన్నా టీవీనా?" అనేవాడు. అత్తగారు ఇంకో మెట్టు పైన ఉండేది. మా కోడలు వీధి వీధంతటికీ చలి పంచిపెడుతోందని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళతోపాటు ఆవిడా నవ్వేది. ఆపితే పాడైపోతుందని ఆయన అన్నాడు గనక, నడుస్తున్న ఫ్రిజ్‌లోనే మంచును గరిటె కాడతో గీకేది. వేళ్ళు సాయంత్రం దాకా స్వాధీనంలోకి వచ్చేవి కావు. పోనుపోను, ఏది ఎక్కడుందో ముందే మనసులో అనుకుని, ఊపిరి బిగబట్టి తలుపు తీసి, అది అందుకుని టక్కున మూసేయడం అలవాటైంది. ఇప్పటికీ అంతే. ఇంట్లో ఒక్కతే ఉన్నా ఊపిరి బిగబట్టే తీస్తుంది. బుడిపె కూడా ఆయన ఆఖరి ఎండాకాలంలో తిప్పిన రెండు మీదే ఉండిపోయింది.

ఆయన పోయిన రెండో ఏడు, వీధి చివర లైబ్రరీలో పెద్దవాళ్ళకు చదువు చెబుతున్నారంటే వెళ్ళి చేరింది. అరవై దాటాక అక్షరాలు కూడబలుక్కుంది. ఇప్పుడు కింద వేలు పెట్టుకుని బస్సు బోర్డు, మందుల చీటీ, పాత పేపరు ఏదైనా చదివేస్తుంది. అయినా ఆ సొరుగు తెరవాలని ఒక్కసారి కూడా తోచలేదు. అది ఆయన చదివేసిన పుస్తకం. దానితో తనకేం పని?

కొడుకు ఆఫీసుకు వెళ్ళాక తెరిచింది. కళ్ళజోడు డబ్బా, ఆగిపోయిన వాచీ, వాటి అడుగున పుస్తకం. ప్లాస్టిక్ కవరులో ఉంది. కవరు నాలుగు పక్కలా అతికి ఉంది. ఆవిడ వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకు తిప్పి చూసింది. చింపిన గుర్తు లేదు, విప్పి అంటించిన గుర్తూ లేదు. కంపెనీలో ఎలా మూశారో అలాగే ఉంది.

మంచం మీద కూచుంది. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. చదివానన్నాడు, చదివాడనుకుంది. చదవడం వచ్చిన మనిషి చదవకుండా ఉంటాడని ఆవిడకు ఎన్నడూ అనిపించలేదు. అక్షరాలు రానివాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది. లేచి, కత్తెర తెచ్చి, కవరు అంచు కత్తిరించింది.

పుస్తకం ఆరు భాషల్లో ఉంది. ఆవిడది నాలుగోది. తొమ్మిది పేజీలకు ఒక పూటంతా పట్టింది. వెనక గోడకు నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. పైన ఏమీ కప్పరాదు. అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. మంచు పెన్సిలంత మందం కాగానే ప్లగ్ తీసి, తలుపు తెరిచి ఉంచి కరగనివ్వాలి. పదునైన వస్తువుతో గీకరాదు. ఇక్కడ వేలు కాసేపు ఆగింది. తలుపు మాటిమాటికీ తీయవద్దని కూడా ఒక ముక్క ఉంది, చివరి పేజీలో, అన్నిటికన్నా కింద. ఎవరు తీయకూడదో మాత్రం రాయలేదు.

మర్నాడు కోడలికి సెలవు. ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని ఫ్రిజ్‌ను ముందుకు జరిపారు. వెనక ఇనుప జాలీ మీద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. కోడలు పాత బ్రష్షుతో దులిపింది. ఆవిడ ప్లగ్ తీసి, కింద తువ్వాళ్ళు పరిచి, లోపల వేడినీళ్ళ గిన్నె పెట్టింది. తలుపు బార్లా తెరిచి, దానికెదురుగా కుర్చీ వేసుకుని కూచుంది. ఊపిరి మామూలుగానే పీల్చుకుంది. మంచు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కింద పడుతోంది.

కోడలు ఏదో పని మీద రెండోసారి అటు వచ్చి, "గంటనుంచీ అలాగే కూచున్నారు, ఏం చూస్తున్నారత్తయ్యా?" అని అడిగింది.

"టీవీ," అంది ఆవిడ.

మంచు పోయాక లోపలంతా తుడిచింది. ఫ్రిజ్ పుస్తకం చెప్పినట్టు, తాను అక్షరాలు దిద్దుకునే కాపీ పుస్తకంలోంచి కాగితం ఒకటి చింపి, తలుపు రబ్బరు మధ్య పెట్టి మూసి లాగి చూస్తే, కింది మూలలో రబ్బరు పట్టక కాగితం జారి వచ్చేసింది. సబ్బునీళ్ళతో మడతల్లో జిడ్డు కడిగి, వేడి గుడ్డతో ఆ మూలను ఒత్తి పట్టుకుంది. మూడోసారి లాగితే కాగితం చిరిగింది గాని రాలేదు. నాలుగు అంగుళాలు స్కేలుతో కొలిచి నిలబెట్టారు. ప్లగ్ పెట్టి, బుడిపెను నాలుగుకు తిప్పింది. అంతకు ముందు ఆ బుడిపెను ఆవిడ ఎన్నడూ ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున, శుక్రవారంనాటి పాలు కాచి ముగ్గురికీ కాఫీ కలిపింది. తన గ్లాసు ఎప్పటిలా అయిదింటికే అయిపోయింది. ఇది రెండోది.

కొడుకు తాగుతూ, ఎవర్ని పిలిపించి బాగు చేయించావని అడిగాడు. పుస్తకం చదివి తామిద్దరమే చేశామంది. కొడుకు నవ్వాడు.

"ఆ పుస్తకాల్లో ఏముంటుందమ్మా. మన పెద్ద ఫ్రిజ్‌ది నేను మొత్తం చదివాను. ఏం లాభం? ఈవిడగారు తలుపు సరిగ్గా వెయ్యరు, నెలరోజుల్నుంచీ కూరగాయలన్నీ గడ్డకట్టి చస్తున్నాయి."

కోడలి వీపు కాస్త బిగుసుకుంది. ఆ బిగుసుకోవడం ఆవిడకు లోపలినుంచి తెలుసు.

"ఆ పుస్తకం ఎక్కడుందమ్మాయ్?" అని అడిగింది.

కోడలు వెళ్ళి టీవీ బల్ల సొరుగు లాగి, అడుగునుంచి పుస్తకం తీసింది. తెస్తూ తెస్తూ మధ్యలో ఆగింది. దాన్ని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. తర్వాత వచ్చి భర్త ముందు, కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. ప్లాస్టిక్ కవరు మీద కిటికీ వెలుగు పడి మెరిసింది.

బయట పాత సామాన్ల బండి హారన్ కొట్టింది. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, మా ఇంట్లో ఏమీ లేవు, వెళ్ళమని చెప్పింది. వస్తూ తన గదిలోంచి కత్తెర తెచ్చి కొడుకు చేతికిచ్చి, కోడలి పక్కన కుర్చీ లాక్కుని కూచుంది.

"కానియ్ నాన్నా," అంది. "పైకి చదువు. మేమిద్దరం వింటాం."