ఈ ఇంటి తలలు

మూడు తరాలుగా ఆ ఇంటి మగవాళ్ళంతా సైన్యంలోనే పనిచేశారు. కొత్తగా చేరేవాడు బయల్దేరే రోజు పొద్దున్నే పెరట్లో ముక్కాలిపీట పడుతుంది. ఇంటిపెద్దే స్వయంగా వాడికి క్రాపు కత్తిరించాలి. తాతకి ఆయన తండ్రి కత్తిరించాడు. నాన్నకీ బాబాయికీ తాత కత్తిరించాడు. అన్నీ ఎలకలు కొరికిన తలలే. శిక్షణ శిబిరంలో మంగలి బాబాయిని చూసి, "మీ అన్న వచ్చినప్పుడే అనుకున్నా, ఈ ఇంటి తల ఇంకోటి వస్తుందని" అన్నాడట. కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించే తాత చేతిలో కత్తెర అంత వంకరగా ఎందుకు పోతుందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

ఇప్పుడు పిడుగు వంతు వచ్చింది. నాన్నకి ఒక్కగానొక్క కూతురు, పుట్టినప్పటి నుంచీ అందరి నెత్తికీ ఎక్కి కూర్చున్నందుకు ఆ పేరు. నడుం దాటిన జడ ఉన్నా ఆ పీట మీద కూర్చోవాలనే ఆ పిల్ల కోరిక. పీట ఎక్కకుండా వెళ్తే తనని ఈ ఇంటి సిపాయిగా లెక్కలోకి తీసుకోనట్టేనని బాధ.

తాత ఆ ఊసే ఎత్తలేదు. పైగా కత్తెరకి నూనె రాసి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు.

"తాతయ్యా, రేపు నాకు..." అని మొదలుపెట్టింది పిడుగు.

"ఆడపిల్లలకి జుట్టు తియ్యక్కర్లేదటగా. ముడి వేసుకుంటే చాలట," అన్నాడు తాత పేపర్లోంచి తలెత్తకుండా.

"అయినా తీసెయ్యి. నాన్నకి తీశావుగా."

"కొరివితో తల గోక్కుంటానంటావేంటే," అంది నానమ్మ కణతలు నొక్కుకుంటూ. వారం నుంచీ ఆవిడకి ఒకటే తలనొప్పి. ఎందుకని అడిగితే ఎండ అంటుంది.

పిడుగు జడ వెనక్కి విసురుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పెరట్లో పీట వేసి ఉంది. పక్కన కత్తెర లేదు. దువ్వెన, పిన్నుల డబ్బా ఉన్నాయి. తాత తువ్వాలు దులిపి, "కూర్చో," అన్నాడు.

"నీకు ముడి వెయ్యడం వచ్చా?"

"నా తల చూడు, తెలుస్తుంది," అంది నానమ్మ. "వారం నుంచీ నా నెత్తి మీదే నేర్చుకున్నాడు. ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడపీకాడు. క్షవరమైతేగాని వివరం తెలీదని ఊరికే అన్నారా."

నానమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఇన్నాళ్ళూ ఈ సంగతి కడుపులో దాచుకుంది. పిడుగుకి ఆవిడ చెప్పలేనంత ముద్దొచ్చింది.

తాత చిక్కులు తీశాడు. జుట్టంతా కూడదీసి మెలితిప్పాడు. "వదులైతే పరుగులో జారిపోతుంది. ఎవరేమన్నా ఎదురు చెప్పకు. వేళకి తిను." పిన్ను మీద పిన్ను గుచ్చాడు. పిడుగు మెడ మీద వెచ్చగా ఒక చుక్క పడింది. ఆ వెంటనే ఇంకొకటి.

"కదలకు," అన్నాడు తాత.

గుమ్మంలో నిలబడ్డ నాన్న తన మెడ వెనక తడుముకున్నాడు. తను పీట ఎక్కిన రోజు మెడ మీద పడింది చెమట అనుకున్నాడు ఆయన ఇన్నేళ్ళూ.

అద్దంలో చూస్తే ముడి ఎడమవైపుకి ఒరిగిపోయి ఉంది.

"వంకరొచ్చినట్టుంది. మీ నానమ్మ సరిచేస్తుందిలే," అన్నాడు తాత, మొహం తువ్వాలుతో తుడుచుకుంటూ.

"వద్దు తాతయ్యా," అంటూ పెట్టె అందుకుంది పిడుగు. "ఈ ఇంటి తల ఇంకోటి వచ్చిందని తెలియాలిగా వాళ్ళకి."