తివాచీ మీద నేర్చిన దెబ్బ

మా మనవరాలు ఓపల్‌కు ఆరేళ్లు. వేసవంతా బేస్‌బాల్ ఆడింది గానీ బంతికి ఒక్క దెబ్బ తగిలించలేదు. అంత చిన్నపిల్లలకు బంతి ఎవరూ విసరరు. దాన్ని నడుమెత్తు రబ్బరు గొట్టం మీద బుద్ధిగా కూర్చోబెడతారు. అయినా ఓపల్ ప్రతిసారీ గొట్టాన్నే బాదేది. బంతి సిగ్గుపడి పిల్ల కాళ్ల దగ్గరే రాలేది.

ఆఖరి ఆట రేపనగా మా వంటింట్లో బ్యాట్ విసిరికొట్టింది. "రేపూ తగలకపోతే దీన్ని కుక్కకిచ్చేస్తా, అమ్మమ్మా! మా జట్టులో డార్బీగాడు నన్ను గొట్టాల రాక్షసి అంటున్నాడు."

"ఏడవకే పిచ్చిదానా. ఆ బ్యాట్ తీసుకుని పెరట్లోకి పద."

నాకు బేస్‌బాల్ రాదు. కానీ నలభై ఏళ్లుగా తివాచీలు దులుపుతున్నాను. ముందుగది తివాచీని బట్టల తీగ మీద వేసి, మధ్యలో ఎర్ర పువ్వు చూపించాను.

"కాళ్లు ఎడంగా పెట్టు. నడుము తిప్పు. పువ్వు మీదే కొట్టు. తగలగానే కళ్లు మూసుకుని మొహం పక్కకి తిప్పెయ్. లేకపోతే దుమ్మంతా నీ నోట్లోకే!"

భోజనాల వేళకు దెబ్బ కుదిరింది. మా ఆయనకు తుమ్ములూ పట్టుకున్నాయి.

మర్నాడు ఆటలో ఓపల్ వంతు వచ్చింది. కాళ్లు ఎడంగా పెట్టింది. నడుము తిప్పింది. ఠప్! బంతి ఎగిరిపోయింది. ఓపల్ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, మొహం పక్కకి తిప్పి, కొయ్యలా నిలబడిపోయింది.

"పరిగెత్తు తల్లీ, పరిగెత్తు!" కోచ్ డ్వేన్ గొంతు చించుకున్నాడు.

"దుమ్ము పోయిందా?" అంది ఓపల్.

మా అదృష్టం బాగుండి అవతలి జట్టు పిల్లలంతా ఆ ఒక్క బంతి మీదే పడి, "నాది!" "కాదు, నాది!" అని కుస్తీ పడుతున్నారు. నేను మడతకుర్చీ తన్నేసి, బంతిని కొట్టినవాళ్లు పరిగెత్తి చేరాల్సిన మొదటి బేస్ దగ్గరకు ఉరికాను.

"ఇటు రావే! ఇటు!"

అది కళ్లు తెరవకుండానే నా గొంతు వినబడ్డ వైపుకి బ్యాట్ ఈడ్చుకుంటూ వచ్చి నా పొట్టను గుద్దుకుని ఆగింది.

"పెద్దమ్మగారూ, మీరు మైదానంలోకి రాకూడదు," అన్నాడు డ్వేన్.

"ఈ చంటిపిల్లల ఆటలో ఎవరూ అవుటవరుగా నాయనా! నన్నెలా అవుట్ చేస్తావు?"

ఓపల్ నా గౌను పట్టుకుని లాగింది. "ఎంత దూరం పోయింది అమ్మమ్మా? నువ్వు చూశావుగా?"

ఏం చెప్పను? నలభై ఏళ్ల అలవాటు. ఠప్ అనగానే నేనూ కళ్లు మూసేశాను.

ఆట అయ్యాక ఇద్దరం కలిసి డార్బీని పట్టుకున్నాం. వాడు పుల్ల ఐసు చీకుతూ తను చూసింది మూడుసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా బంతి ఇంకో పది అడుగులు ముందుకు పోయింది.