కుర్చీ మీద గొడుగు
తైపేలోని షేర్ల హాల్లో ముసలివాళ్లు కుర్చీల మీద గొడుగులు పెట్టేసి టిఫిన్‌కి పోతారు. సియోక్‌హున్ కూడా గొడుగు పెట్టి, ధరలు చూపే తెర ముందే నిలబడింది. నూడుల్స్ బండి మళ్లీ పెట్టుకోవాలని దాచిన డబ్బుతో వచ్చింది. తెర మీద ఒక షేరు కొంటామంటూ పెద్ద పెద్ద ఆర్డర్లు బారులు తీరాయి.

"ఇంతమంది ఎగబడుతుంటే ఇంకా నానుస్తావేంటక్కా?" అంది స్నేహితురాలు బిగ్యోక్.

"బారు పెద్దదేనే. బేరాలు మాత్రం తెగట్లేదు, ఆ పక్కన జరిగిన బేరాల అంకె కదలడం లేదు చూడు."

సియోక్‌హున్ వెనక్కి తిరిగింది. కుర్చీల నిండా గొడుగులే, మనిషన్నవాడు లేడు.

"ఈ ఆర్డర్లూ అలాంటివేనేమో, వెనక కొనేవాడే లేడేమో," అని కొనకుండా ఆగిపోయింది.

"నీకన్నీ అనుమానాలే," అని బిగ్యోక్ కొనేసింది.

కాసేపటికి, పెట్టినవాళ్లే వెనక్కి తీసేసుకున్నట్టు, ఆర్డర్ల బారు మాయమైంది. ధర జారిపోయింది. బిగ్యోక్ మొహం పాలిపోయింది.

సియోక్‌హున్ కుర్చీ మీది తన గొడుగు తీసి, ఆమెను కూర్చోబెట్టింది.