మొదటి నీళ్ళు

చర్చి పూజలో ద్రాక్షరసం పాత్ర తుడిచిన తెల్లగుడ్డలు ఉతకడానికి ఒక పద్ధతుంది. మొదట జాడించిన నీళ్ళు తూములో పారబొయ్యకూడదు, మట్టిలో పొయ్యాలి. ప్రభువు రక్తంగా మారిన ఆ రసం చుక్క ఏదైనా అంటి ఉంటే మురికిలో కలవకూడదని. చర్చి వెనక పెరట్లో ఈ పని ఆమెది. "దేవుడి పనికి జీతమేమిటే?" అన్నారు అత్తగారు. మొగుడి పనికీ లేదుగా, అలవాటైన ప్రాణమే అనుకుంది. నిజానికి ఇష్టపడే ఒప్పుకుంది. అక్కడ ఎవరూ కేకెయ్యరు. కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడితే ప్రాణం తెరిపిన పడేది.

ఆ ఉదయం ఆమె అరచేతికి కట్టుంది. కాఫీ చల్లారిందని భర్త గ్లాసు విసిరితే, మొహానికి అడ్డం పెట్టిన చేతిమీద పగిలింది. తర్వాత చొక్కా మార్చుకుని పాటల ప్రాక్టీసుకి వెళ్ళిపోయాడు. చర్చిలో ఆయన గొంతంటే అందరికీ ముద్దు. పాపం, అత్తగారే పాత చీర చింపి కట్టు కట్టారు. కడుతూ, "దేవుడి చిత్తమమ్మా, ఓర్చుకో. వద్దనుకుంటే ఆయన ఆపలేడా?" అన్నారు.

ఆపగలడు కదా, మరెందుకు ఆపలేదు? బట్టలు కుట్టే ఉద్యోగం మాన్పించినప్పుడూ దేవుడి చిత్తమే అన్నారు. మెట్ల మీద భర్త తోసేస్తే కడుపు పోయినప్పుడూ అదే మాట. విని విని ఆమెకి భర్త మీది కోపం చల్లారిపోయి, దేవుడి మీద రాజుకుంది. ఆదివారం విశ్వాస ప్రమాణం అందరితో పాటు చెబుతూ, 'సర్వశక్తిగల' అన్నచోట మాత్రం నోరు మూసుకునేది. పక్కవాళ్ళకి తెలిసేది కాదు. పైవాడికి తెలిస్తే తెలియనీ అనుకునేది.

గుడ్డ పిండుతుంటే కట్టు జారింది. తెల్లటి బట్ట మీద ఎర్రటి మరక. హడలిపోయి మళ్ళీ నీళ్ళలో ముంచేసింది. అప్పుడే పూజ వస్త్రాలు చూసుకునే పెద్ద సిస్టర్ వచ్చింది.

"పాడైపోయింది సిస్టర్, క్షమించండి."

"గుడ్డ సంగతి తర్వాత. చెయ్యేమైంది?"

"మావారు గ్లాసు విసిరారు. దేవుడి చిత్తం."

"ఓహో, గ్లాసులు విసరడం కూడా దేవుడికి అంటగట్టారూ?"

ఆమెకి ఒళ్ళు మండింది. "అన్నీ చెయ్యగలవాడు కదా, ఆ చెయ్యి ఎందుకు పట్టుకోలేదు?"

సిస్టర్ బట్టలుతికే బండ మీద కూర్చుంది.

"పూర్తిగా నాకూ తెలీదే తల్లీ. నేను నమ్మేది చెబుతా. చెడు ఆయన చెయ్యడు, కోరడు. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, ఇచ్చింది లాక్కోడు. ఎంత చెడులోంచైనా మంచి తియ్యగలడు. అదీ ఆయన శక్తి. అంతేగానీ నీ మొగుడు చేసింది తీసుకెళ్ళి ఆయన నెత్తిన రుద్దకు."

ఆమె బకెట్ ఎత్తి తూము వైపు నడిచింది.

"ఎటు? ఆ నీళ్ళూ మట్టిలోనే పొయ్యి."

"ఇందులో ఉన్నది నా రక్తం సిస్టర్."

"తెలుసు."

గులాబీ మొదట్లో పోస్తుంటే ఆమెకి ఏడుపు ఆగలేదు. బాధతో కాదు. ఇన్నాళ్ళూ తనని మెట్ల మీద తోసినవాడు పైనున్నాడనుకుంది. పైనున్నవాడు కాదట. పోయాడనుకున్న దేవుడు మళ్ళీ దక్కినందుకు, ఆ మాట చెప్పిన సిస్టర్ ఉన్నందుకు, చేతులు జోడించబోతే కట్టు అడ్డమొచ్చింది. నవ్వొచ్చింది. స్వేచ్ఛ ఇచ్చాడట. మొగుడికొక్కడికే ఇచ్చాడా?

"సిస్టర్, మీ కాన్వెంటు హాస్టల్లో కుట్టుపనికి మనిషి కావాలన్నారు."

"ఇంకా కావాలి. జీతం ఉంటుంది, ఉండడానికి గదీ ఉంటుంది. ముందు ఆ చేతికి కుట్లు వేయించుకుందాం పద."

కుట్లు వేయించుకుని హాస్టల్ గదిలో చేరిన మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. "అన్నం ఎవరు పెడతారు? ఇల్లు వదిలేసి పోవడం కూడా దేవుడి చిత్తమేనా?"

"కాదండీ," అంది ఆమె, "ఇది నా చిత్తం."