కుడివైపు చుక్క

దేవుడి ముందు పెట్టి తెచ్చిన పప్పు రుచి చూసి, "ఉప్పు రెండుసార్లు పడ్డది," అన్నాను.

"నేనొక్కసారే వేసిన. వేసినంక గట్టిగ చెప్పిన గూడ," అంది మా అత్తమ్మ కనకలక్ష్మి. నైవేద్యం కాకముందు ఆమె ఏదీ నోట్లో వేసుకోదు, నన్నూ వేసుకోనివ్వదు. అందుకే ఉప్పు వేసినవాళ్లు పైకి చెప్పడం మా వంటింటి అలవాటు.

"మిక్సీ నడుస్తుంటే ఎట్ల ఇనవడ్తది అత్తమ్మా?"

"బంద్ చేసి అడగరాదా? నీ చెవులు ఎప్పుడూ ఫోన్లనే ఉంటయి."

మామూలుగా ఇలాంటప్పుడు మా ఆయన మధుకర్ ఇద్దరినీ ఏడిపిస్తాడు. ఆ రోజు శనివారమైనా లాప్‌టాప్ ముందు నుంచి తల ఎత్తలేదు.

అతని కంపెనీ మాదాపూర్‌లో ఉంది. మెదడు స్కాన్లలో ఏ భాగం ఎంత కుంచించుకుపోయిందో కొలిచే సాఫ్ట్‌వేర్ వాళ్లది. ఆ వారం ఒక ఆస్పత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. స్కాన్ తీసేటప్పుడు కుడి కణత మీద ఒక విటమిన్ మాత్ర టేపుతో అంటిస్తారట. బొమ్మలో అది తెల్లటి చుక్కగా పడి, ఏది కుడివైపో చెబుతుంది. వీళ్ల బొమ్మల్లో చుక్క ఎడమవైపు కనబడింది. ఏ రోగికీ వైద్యం మొదలుకాకముందే అక్కడి డాక్టరమ్మ పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

ఆస్పత్రి స్కాన్లను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేది మధుకర్ కింద పనిచేసే స్వాతి. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. మొన్న మధుకర్ ఇంటి నుంచే మేనేజర్‌తో మాట్లాడుతూ, "ఎక్కించేటప్పుడు స్వాతి తిప్పేసినట్టుంది," అనడం బెండకాయలు తరుగుతూ నేను విన్నాను. ఆ పిల్లను ఉంచాలో తీసేయాలో సోమవారం తేలుస్తారట.

మధ్యాహ్నానికి, "దొరికింది," అన్నాడు. గొంతులో సంతోషం లేదు.

"ఏంది?"

"పాత వెర్షన్‌ల బొమ్మలు తిరగబడి వచ్చేటివి. సరిచెయ్యనీకి నేను కోడ్‌ల ఒక లైను రాసిన. కొత్త వెర్షన్ తనంతట తనే సరిచేస్తున్నది. నా లైను అట్లనే ఉండిపోయింది. సరిగున్నదాన్ని మళ్ల తిప్పుతున్నది."

"రాసినప్పుడు ఎవరికన్న చెప్పినవా?"

"లేదు." లాప్‌టాప్ సగం మూసి, "లైను తీసేస్తే చుక్క కుడికే వస్తది. ఎవరూ అడగరు," అన్నాడు.

"స్వాతి?"

"ఆమెకేంది, ఇంకోకాడ దొరుకుతది."

నేను వంటింట్లోకి వచ్చేశాను. పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. చేతులకు పిండి ఉండడంతో మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"అక్కా, నేను స్వాతిని. సార్ ఫోన్ ఎత్తుతలేరు. పరేషాన్ చేస్తున్న, ఏమనుకోకండి. నా పనంతా మళ్ల చూసుకున్న, తప్పెక్కడో దొరుకుతలేదు. జర చూపించమనండి అక్కా. ఇంకోసారి చెయ్యకుండ నేర్చుకుంట."

గుమ్మంలో మధుకర్ నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ వైపు ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు.

"చెప్త అమ్మా," అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా పిండి వైపే చూస్తూ ఉండిపోయాను. అతని ముఖం చూడడానికి నాకు సిగ్గేసింది. చూస్తే అతను ఇంకా కుంగిపోతాడనీ అనిపించింది.

రాత్రి అన్నాల దగ్గర ఎవరమూ మాట్లాడలేదు. పొద్దుటి పప్పులో నీళ్లు పోసి, నిమ్మకాయ పిండి, చారు చేసింది అత్తమ్మ. మా మౌనం ఉప్పు గురించే అనుకున్నట్టుంది.

"ఇగ ఆ ఉప్పు ముచ్చట నా మీదనే వెయ్యి ప్రియా. రెండుసార్లు నేనే వేసిన. నీ మొగుడు తిననీ."

మధుకర్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నువ్వు వెయ్యలే కదమ్మా," అన్నాడు.

"వెయ్యకుంటే ఏమాయె? ఎవరో ఒకరు అనుకుంటే అయిపోతది."

అతను ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఆఫీసుల తప్పు నాది. ఆ స్వాతి అనే పిల్ల మీద వేసిన. ఆమెకు తెల్వది, ఇంకా తన పనిల వెతుక్కుంటున్నది." మా ఇద్దరి వైపూ చూడలేదు. "సోమవారం దాక ఆగ. తిన్నంక ఆమెకు ఫోన్ చేస్త, తర్వాత మేనేజర్‌కు. ఆ లైను నాదని చెప్త."

అత్తమ్మ గరిటె గిన్నెలో పెట్టింది.

"తిన్నంక ఎందుకు?" అంది. "చెయ్యి కడుక్కో. అన్నం ఎక్కడికీ పోదు."